ఒకే ఆల్బమ్‌లో గిటార్ సౌండ్ ఎందుకు మారిపోతోంది?

ప్రశ్న: జూలియన్ బ్రీమ్ ‘గిటార్రా’ ఆల్బమ్ వింటున్నానండీ. మొదట్లో వచ్చే పీసులు సన్నగా, ఏదో వేరే వాయిద్యంలా ఉన్నాయి, తర్వాతవి మాత్రం నిండుగా ఉన్నాయి. రికార్డింగ్‌లో తేడానా? పాతవి స్కిప్ చేసేయొచ్చా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: రికార్డింగ్ తేడా కాదండీ, అవి నిజంగానే వేరే వాయిద్యాలు, మీ చెవి బాగా పట్టింది. 1985లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో బ్రీమ్ స్పెయిన్ గిటార్ సంగీతాన్ని పదహారో శతాబ్దం నుంచి మన కాలం దాకా వాయించుకుంటూ వచ్చాడు, అదీ అంతా ఒక్క గిటార్ మీదే లాగించేయకుండా పాత సంగీతానికి పాతకాలం వాయిద్యాలే పట్టుకున్నాడు. పదహారో శతాబ్దపు స్పెయిన్ స్వరకర్త నార్వాయెస్ రాసినవి విహువేలా అనే వాయిద్యం కోసం, ఆయన పుస్తకం 1538లో అచ్చయింది. విహువేలా చూడ్డానికి గిటార్‌లాగే ఉంటుంది, కానీ తీగలు జంటలుగా ఉంటాయి, శ్రుతి మాత్రం ల్యూట్ అనే పాత యూరప్ తీగ వాయిద్యానిది.

నాకు అన్నిటికన్నా ఇష్టం పదిహేడో శతాబ్దపు స్పెయిన్ గిటారిస్ట్ గాస్పార్ సాన్స్. 1674 నాటి ఆయన పుస్తకం ఐదు జంటల తీగలున్న బరోక్ గిటార్ (ఆ కాలపు గిటార్) కోసం, సున్నితంగా మీటే సంగీతానికి మంద్రం తీగలు వద్దు సన్నవే వేసుకోమంటాడు, అందుకే అందులో బేస్ ఉండదు, పక్కపక్క స్వరాల్ని వేరేవేరే తీగల మీద మీటితే ఒకదాని మోత ఆగకముందే ఇంకోటి కలిసి గుడి గంటల్లా మోగుతాయి. అది సన్నదనం కాదండీ, అందం! దయచేసి స్కిప్ చేయకండి.

ఆ తర్వాత స్పెయిన్ గిటార్ స్వరకర్త సోర్ కాలానికి గిటార్‌కి ఆరు విడి తీగలు వచ్చేశాయి. మీకు నిండుగా వినిపించేది మాత్రం గిటార్లు తయారుచేసే అంటోనియో డి టోరెస్ పుణ్యం, పందొమ్మిదో శతాబ్దంలో ఆయన పెద్ద బాడీతో, లోపల విసనకర్రలా పట్టీలు అమర్చి చేసిన పద్ధతే ఇప్పటి క్లాసికల్ గిటార్‌కి ఆధారం, స్పెయిన్ గిటారిస్ట్ తార్రెగా కూడా టోరెస్ గిటారే వాయించాడు. ఇక నైలాన్ తీగలు 1940ల్లో వచ్చాయి, అంతకుముందు పై సన్న తీగలు పేగువే.

మీ దగ్గర గిటార్ ఉంటే మూడో తీగని జి నుంచి ఎఫ్ షార్ప్‌కి దించి, మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) పెట్టండి, విహువేలా శ్రుతి వచ్చేస్తుంది. నార్వాయెస్ ‘గ్వార్దామే లాస్ వాకాస్’ నోట్స్ తేలిగ్గానే దొరుకుతాయి, దాంతో మొదలెట్టండి.