మా నానమ్మ చూసిన మార్పుల్లో అన్నిటికంటే పెద్దది

"తాతయ్యలు, నానమ్మలు తమ జీవితకాలంలో చూసిన అతి పెద్ద మార్పు ఏది?" అని అడిగారు. చాలామంది ఫోన్ అంటారు, కరెంటు అంటారు. నేనైతే పుట్టిన పిల్లలు బతకడం అంటాను.

మా నానమ్మ 1927లో పుట్టింది, 2021లో పోయింది. ముఖం నిండా మశూచి గుంటలు. చిన్నప్పుడు తనకీ, తమ్ముడికీ ఒకేసారి సోకింది. తను బయటపడింది, తమ్ముడు పోయాడు. ఆ రోగం తీవ్రంగా వస్తే పదిమందిలో ముగ్గురు దాకా పోయేవారట, మందంటూ లేదు. మా నాన్న జబ్బ మీద గుండ్రటి టీకా మచ్చ ఉంటుంది. నాకు అదీ లేదు. మశూచి లోకంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది, నేను పుట్టేసరికి ఆ టీకాతో పనే లేదు.

పిల్లలెంతమంది అని అడిగితే నానమ్మ ఎప్పుడూ రెండు లెక్కలు చెప్పేది: "ఏడుగురు పుట్టారు, నలుగురు మిగిలారు." పోయిన ముగ్గురి పేర్లూ చివరిదాకా మర్చిపోలేదు. అందులో ఒకడు విరేచనాలతో పోయాడు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. శుభ్రమైన నీళ్లలో ఉప్పు, పంచదార సరైన పాళ్లలో కలిపి తాగిస్తే అలాంటి పిల్లల్లో చాలామందిని దక్కించుకోవచ్చని 1960ల చివర్లో గానీ వైద్యులు నిరూపించలేదు.

1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన సంగతి అడిగితే "విన్నాను" అని ఊరుకునేది. వీడియో కాల్ ఇట్టే అలవాటైపోయింది. కానీ పసిపిల్లకి ఒళ్లు వెచ్చబడితే, మందు వేశాం, భయం లేదని ఎంత చెప్పినా, తెల్లవార్లూ నుదుటి మీద చెయ్యి వేసి కూర్చునేది. తనకి చదువు రాదు. అయినా నా కూతురి టీకాల కార్డు తెప్పించుకుని, ఖాళీగా ఉన్న ఒక్కో గడి మీదా వేలు పెట్టి "ఇదెప్పుడు?" అని అడిగేది.

ఐక్యరాజ్యసమితి లెక్కల్లో, 1990లో కూడా ప్రపంచంలో ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 93 మంది ఐదేళ్లు నిండకుండానే పోయేవారు. 2022కి అది 37కి దిగింది. నా దృష్టిలో 37 కూడా చాలా ఎక్కువే.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, మీరెంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అని నెమ్మదిగా అడగండి. వెంటనే చెప్పలేకపోవచ్చు, తొందరపెట్టకండి. పేర్లు చెబితే రాసిపెట్టుకోండి, ఆ పిల్లల్లో చాలామంది పుట్టుక ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.