నాటకానికి ముందు నటుల ఉత్సాహం తగ్గకుండా ఎలా చూడాలి?

మా కోనసీమలో వేసవి తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, నాటకం రాత్రి తొమ్మిదికని చెప్పినా, తెర లేచేసరికి పదకొండు దాటిపోతుంది. టెన్షన్ కంటే ఆ ఎదురుచూపే నటుల్ని ఎక్కువ నీరుగారుస్తుంది. అందుకని మేకప్ ముందే ముగించి కూర్చోబెట్టకండి. కిరీటాలు, బరువైన నగలు చివర్లో పెట్టండి. ఆ ఉక్కపోతలో సగం ఓపిక చెమటకే పోతుంది.

రాత్రి భోజనం ఆట అయ్యాకే. ముందు రెండు ఇడ్లీలు చాలు, మధ్యమధ్యలో గుక్కెడు మంచినీళ్లు.

తెర లేవడానికి పావుగంట ముందు అందరినీ హార్మోనియం దగ్గరికి పిలిచి శ్రుతి అందుకోమనండి. పెదవులు మూసి సన్నగా రాగం తీస్తే గొంతు సిద్ధమవుతుంది. ఊపిరి నిదానంగా వదలడం వల్ల గుండె దడ కూడా తగ్గుతుంది. ఆ వెంటనే ప్రార్థన అందరూ కలిసి పాడాలి, ఒక్క డైలాగ్ కూడా లేని భటుడితో సహా. నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఇదే. ఆ భటుడు నీరసంగా నిలబడితే సభ మొత్తం చప్పబడుతుంది.

ఆ సమయంలో రిహార్సల్ తప్పులు ఎత్తకండి. పద్యం మర్చిపోతానేమోనని వణికే కుర్రాడికి "పక్కనే ఉండి అందిస్తాను లేరా" అని ప్రాంప్టర్ ఒక్క మాట చెబితే చాలు, ముఖం విప్పారుతుంది.