స్క్రూ మీద చమ్కీల సీల్

ప్రశ్న: పలాసలో మాది జీడిపప్పు వ్యాపారం. లెక్కలన్నీ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఎవరూ విప్పకుండా సీపీయూ స్క్రూల మీద, పీకితే గుర్తు మిగిలే 'వాయిడ్' స్టిక్కర్లు అతికించాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే అవి ఊడొచ్చేస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజమేనండి. వేడికి జిగురు మెత్తబడితే చాలా స్టిక్కర్లు చిరగకుండా లేచొస్తాయి. మిగిలిన స్టిక్కర్ ఒకటి పాత డబ్బా మీద అతికించి, మర్నాడు మీరే ప్రయత్నించి చూడండి. ఒకవేళ చిరిగినా, అచ్చం అలాంటిదే ఆన్‌లైన్‌లో కొని అంటించేయొచ్చు. అసలు చిక్కు అదే.

మీ కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది కదా. దానికి తీగ చుట్టి, సీసం బిళ్ళ బిగించి, తూనికలు కొలతల శాఖ వాళ్ళు ముద్ర కొడతారు. ఆ తీగను ఎవరైనా తెంపగలరు. ముద్రను తిరిగి వేయడమే కష్టం. మీ స్క్రూలకూ అలాంటి గుర్తే కావాలి.

అందుకు చమ్కీలున్న నెయిల్ పాలిష్ చాలు. 2013 డిసెంబర్‌లో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సదస్సులో ఇద్దరు భద్రతా నిపుణులు ఈ పద్ధతిని వివరించారు. చమ్కీ ఎక్కడ పడుతుందో పూసేవాళ్ళ చేతిలో ఉండదు. అదే సీసాతో మళ్ళీ పూసినా ఆ వరస రాదు. నాకు ఈ పద్ధతి మీద గురి కుదిరింది అందుకే.

రెండు మూడు రంగుల పెద్ద చమ్కీలున్నది కొనండి. స్క్రూ తలను స్పిరిట్‌తో తుడిచి, గాడి నిండేలా, అంచు దాటి రేకు మీదకు కాస్త పాకేలా పూయండి. రాత్రంతా ఆరనిచ్చి, ఒక్కో స్క్రూకీ దగ్గర నుంచి ఫోటో తీయండి. ఫోటోలు ఆ కంప్యూటర్‌లో పెట్టొద్దు, మీ ఫోన్‌లో ఉంచుకోండి. అనుమానం వచ్చినప్పుడు అదే వెలుతురులో, అదే కోణంలో మళ్ళీ తీసి, పాత ఫోటో, కొత్త ఫోటో వెంటవెంటనే మార్చి చూడండి. ఒక్క ఎర్ర చమ్కీ జరిగినా కంటికి తగులుతుంది. రెండు పక్కల మూతలకూ పూయడం మరవకండి.

ఒక్క మాట. సీల్ దొంగను ఆపదు, వచ్చాడని చెబుతుందంతే. లెక్కలు భద్రంగా ఉండాలంటే డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయండి (అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా మార్చండి), బ్యాకప్ ఇంట్లో ఉంచండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ స్క్రూ మీద కంపెనీ సీల్ ఉంది. తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేసుకుంటే వారంటీ పోతుందా? (విజయనగరం)

జవాబు: అలాంటి స్టిక్కర్లు సహా వారంటీ షరతుల విషయంలో 2018 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలను హెచ్చరించింది. అయితే అది అక్కడి చట్టం. మీరు వారంటీ కార్డు చదివి, సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టండి.