రంగుకి అదనంగా కట్టే ముందు

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

నువ్వు స్పోర్ట్స్ కారు బుక్ చేస్తున్నావని, రంగుకి విడిగా లక్షల్లో అడుగుతున్నారని మీ నాన్న మండిపడుతున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. "ఏదో ఒక రంగు వెయ్యకుండా కారు అమ్మరు కదా, ఎరుపుకి అడగని డబ్బు ఆ పెర్ల్ బ్లూకి ఎందుకు?" అంటున్నారట బావగారు. న్యాయమైన ప్రశ్నే. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు స్ప్రే గన్ పట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. చదివాక నిర్ణయం నువ్వే తీసుకో.

ఫ్యాక్టరీలో బాడీకి ముందు ఫాస్ఫేట్ పట్టిస్తారు, తర్వాత కరెంటు పారే ప్రైమర్ తొట్టిలో ముంచుతారు. దాని మీద గరుకు సరిచేసే సర్ఫేసర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, చివర రంగులేని పైపూత క్లియర్. అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త అటూ ఇటూ, అంతే. తుప్పు పట్టకుండా కాపాడే పొరలు తెల్ల కారుకైనా, నువ్వు మనసు పడ్డ నీలం కారుకైనా ఒకటే. తేడా అంతా బేస్ కోట్ దగ్గరే మొదలవుతుంది.

సాలిడ్ ఎరుపులో, అంటే మెరుపు రేకులు లేని మామూలు ఎరుపులో, ఉండేది రంగుపొడి మాత్రమే. ఎవరు కొట్టినా, షేడ్ కుదిరితే ప్యానెల్ ప్యానెల్‌కి కలిసిపోతుంది. మెటాలిక్‌లో అల్యూమినియం రేకులుంటాయి. అవి పడుకుంటే ఒక రంగు, నిలబడితే ఇంకో రంగు. గన్ ఎంత దూరంలో పట్టాం, గాలి ప్రెజర్ ఎంత, థిన్నర్ ఎంత త్వరగా ఆరింది అన్నదాన్ని బట్టి అదే డబ్బాలోంచి రెండు షేడ్లు వస్తాయి. పెర్ల్‌లో పైపూత పట్టించిన మైకా రేకులు వేస్తారు. నెమలికంఠం పట్టుచీర మడత తిప్పినప్పుడు రంగు మారినట్టు, చూసే కోణాన్ని బట్టి కారు రంగు మారేది వీటివల్లే.

నువ్వు చూపించిన నీలం త్రీ కోట్ రకం. కింద ఒక నీలం, మధ్యలో వెలుతురు దూరిపోయే పెర్ల్ పొర, ఆపైన క్లియర్. ఆ మధ్య పొర ఎంత మందమో రంగు అంత ముదురు. గన్ ఒక్కసారి ఎక్కువ తిప్పితే చాలు, షేడ్ మారిపోతుంది. ఫ్యాక్టరీలో రోబోలు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్కన కొడతాయి, అయినా బంపర్లతో తిప్పలు తప్పవు. బంపర్ ప్లాస్టిక్ కదా, రేకు బాడీకి పెట్టే వేడి తట్టుకోదు. అందుకని దాన్ని మామూలుగా విడిగా, తక్కువ వేడిలో పెయింట్ చేస్తారు. విడిగా కొట్టిన రెండూ పక్కపక్కన పెడితే ఒకటే రంగులా కనపడాలి. అంత పని తెల్లదానికి ఉండదు.

ముడిసరుకు సంగతి కూడా చూడు. మెర్క్ కంపెనీ క్సిరాలిక్ అనే మెరుపు రేకుల్ని 2011లో జపాన్‌లోని ఒనాహామా ప్లాంట్ ఒక్కచోటే తయారుచేసేది. ఆ మార్చిలో భూకంపం, సునామీ వచ్చి ప్లాంట్ ఆగిపోతే, ఫోర్డ్, క్రైస్లర్ కొన్ని నలుపు, ఎరుపు షేడ్లకి ఆర్డర్లు తగ్గించేశాయి. ఇంకోటి, రంగు మారినప్పుడల్లా గన్ కడగాలి, పైపులో మిగిలిన పెయింట్ పారబోయాలి. తెలుపైతే వరసపెట్టి కొడుతూ పోతారు. అరుదైన రంగుకి ఆ నష్టం కొద్దిపాటి కార్ల మీదే పడుతుంది.

అలాగని అదనంగా తీసుకునేదంతా ఖర్చే అని నేననను. పోర్షేలో చాక్ అనే రంగు, ఆడీలో నార్డో గ్రే రెండూ సాలిడ్ రంగులే. మెరుపు లేదు, మధ్య పొర లేదు. అయినా చాక్‌కి పోర్షే అదనంగా వసూలు చేసింది. అదే పోర్షేలో గార్డ్స్ రెడ్ ఏళ్ల తరబడి అదనపు ధర లేకుండానే వచ్చింది. కారు ధర కాస్త తక్కువగా చూపించి, ఇంత డబ్బు పెట్టేవాడు రంగు దగ్గర వెనక్కి తగ్గడని లెక్కేసి పెట్టే ధర ఇది. అందుకే సాలిడ్ రంగుకి ఎక్స్‌ట్రా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. త్రీ కోట్‌కి అడిగితే కొంతవరకైనా ఒప్పుకుంటాను, ఆ పని నేను చేసినవాణ్ణి కాబట్టి.

అయితే నా అసలు దిగులు షోరూమ్ బిల్లు గురించి కాదురా, బంపర్ గీసుకున్న రోజు గురించి. మన వైజాగ్ జగదాంబ ట్రాఫిక్‌లో అది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. సాలిడ్ అయితే ఆ ఒక్క ప్యానెల్ కొడితే సరిపోతుంది. త్రీ కోట్ డోర్‌కి దెబ్బ తగిలితే ముందు ఫెండర్‌లోకీ, వెనక ప్యానెల్‌లోకీ రంగు కలుపుకుంటూ పోయి, మూడింటికీ క్లియర్ కొట్టాలి. అంతకుముందు విడి ఇనప రేకు ముక్కల మీద మధ్య పొర ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కొట్టి, ఎండలో పెట్టి, బండి పక్కన ఆనించి ఏది కలుస్తుందో చూడాలి. అది చెయ్యని పెయింటర్‌కి ఆ కారు ఇవ్వొద్దు. వానాకాలంలో సరైన పెయింట్ బూత్ (దుమ్ము, తేమ రాని మూసిన గది) లేనిచోట అసలే ఇవ్వొద్దు. మన గాలిలో తేమకి క్లియర్ మీద పాలలాంటి మబ్బు పడుతుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత హడావిడిగా కొట్టించుకున్న కార్లు చాలా చూశాను. షెడ్డులో బాగానే ఉండేవి, ఎండలోకి తెస్తే డోర్ ఒక రంగు, ఫెండర్ ఒక రంగు.

ఇన్సూరెన్స్ జీరో డెప్రిసియేషన్‌తోనే తీసుకో. అది లేకపోతే పెయింట్ మెటీరియల్‌లో సగం తరుగు కింద కోసేస్తారు. రంగుకి కట్టేది ఇన్‌వాయిస్‌లో కలుస్తుంది కాబట్టి జీఎస్టీ, లైఫ్ టాక్స్ కూడా దాని మీద పడతాయి. ఆన్‌రోడ్ తేడా ఎంతో అడిగి బావగారికి ముందే చెప్పు, తర్వాత తెలిస్తే ఇంకా గొడవ.

నీ ఆఫీసు పోర్టు వైపు కదా. ఇనుప ఖనిజం ధూళి క్లియర్ మీద కూర్చుని, తేమకి అతుక్కుపోయి, లేత రంగుల మీద తుప్పు రంగు మరకలుగా తేలుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడిగి, ఇనుప మరకలు కరిగించే ఐరన్ రిమూవర్ కొట్టించి, తర్వాత అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద, క్లే బార్ పట్టించు. బీచ్ రోడ్డులో తిరిగొచ్చినా ఉప్పు ఆరిపోకముందే కడుగు. ముందు బంపర్‌కీ, బానెట్‌కీ పీపీఎఫ్ (గీతలు పడకుండా అంటించే పారదర్శక ఫిల్మ్) వేయించు. త్రీ కోట్ తీసుకునేవాడికి అది దుబారా కాదు.

సంతకం పెట్టే ముందు మూడు పనులు చెయ్యి. ఆ రంగు సాలిడా, మెటాలిక్కా, త్రీ కోటా అని అడుగు, పెయింట్ కోడ్ (ఆ షేడ్‌కి కంపెనీ ఇచ్చే గుర్తు) బుకింగ్ ఫారం మీద రాయించు. ఒక బంపర్, ఒక డోర్ మళ్లీ పెయింట్ చెయ్యడానికి ఎంతవుతుందో ఎస్టిమేట్ కాగితం మీద తీసుకో. షోరూమ్ లైట్ల కింద కాకుండా, అదే రంగు కారుని మధ్యాహ్నం ఎండలో ఒకసారి, సాయంత్రం నీడలో ఒకసారి చూడు. ఎస్టిమేట్ చూశాక కూడా నీకు ఆ నీలమే కావాలనిపిస్తే తీసుకో, బావగారితో నేను మాట్లాడతాను. గుండె గుభేలుమంటే మాత్రం సాలిడ్ ఎరుపు తీసుకో. ఆ కారుకి అదీ బాగా నప్పుతుంది.

మీ మావయ్య
గాజువాక