మొదట మ్యాట్ ఎక్కండి, రింగ్ ఎక్కడికీ పోదు

బెంగళూరులో కిక్‌బాక్సింగ్ నేర్చుకోవాలనుకుంటున్నానని, నేరుగా రింగ్‌లోకి దిగాలా, మ్యాట్ మీద ఆడే లైట్ కాంటాక్ట్ పిల్లల ఆటేనా అని అడిగారు. ముందు మ్యాటే ఎక్కండి. పిల్లల ఆట అని మీకు చెప్పినవారు దానిమీద ఒక్క రౌండు కూడా నిలబడి ఉండరు.

నేను ముప్పై దాటాక మారతహళ్ళిలో మొదలుపెట్టాను. మొదట చేరిన చోట హోరున పాటలు పెట్టి, బ్యాగును గుద్దించి, చెమట పట్టించి పంపేవారు. ఆరు నెలలు ఫీజు కట్టినా ఎదురుగా మనిషిని ఒక్కరోజు నిలబెట్టలేదు. బరువు తగ్గడానికైతే అదీ మంచిదే, కానీ దానికి కిక్‌బాక్సింగ్ అని పేరు పెట్టి డబ్బు తీసుకోవడం నాకు ఇప్పటికీ మంటే.

తర్వాత మారిన చోట మాస్టారు నన్ను లైట్ కాంటాక్ట్ పోటీకి పంపారు. ఇందులో ఆట ఆగకుండా సాగుతుంది, దెబ్బ బలం మాత్రం అదుపులో ఉండాలి. ఎదుట అనంతపురం నుంచి వచ్చిన కాలేజీ కుర్రాడు. అతని పాదానికి తొడిగిన ఫుట్ గార్డు అంచు నా చెంపకు ఇలా తగిలి అలా వెనక్కి పోయేది. నాలుగోసారి నాకు రోషం వచ్చింది. ఉన్న బలమంతా పెట్టి గుద్దాను. నీలం మ్యాట్ మీద రక్తపు చుక్కలు పడ్డాయి. కుర్రాడి ముక్కు నుంచి కారుతున్న రక్తం ఆగలేదు, డాక్టరు ఆట ఆపించారు, నన్ను అనర్హుడిగా ప్రకటించారు. బయట కుర్రాడు ముక్కుకు దూది అదుముకుంటూ, "అన్నా, నాలుగుసార్లూ నా కాలు మీ చెంప దాకా వచ్చింది. నేను ఆపుకున్నాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలా ఆపుకోగలిగిన కాలే రింగ్‌లోనూ పనికొస్తుంది. అక్కడ ఫుల్ కాంటాక్ట్ అనే విభాగంలో నడుము పైనే తన్నాలి, 'లో కిక్' విభాగంలో తొడల మీదా తన్నవచ్చు, 'కే-1' విభాగంలో మోకాలితోనూ కొట్టవచ్చు. మ్యాట్ మీద ఆడే 'కిక్ లైట్' విభాగంలోనూ తొడల మీద తన్నడానికి అనుమతి ఉంది, బలం మాత్రం అదుపులోనే. మ్యాట్ మీదే ఆడే పాయింట్ ఫైటింగ్ విభాగంలో దెబ్బ తగలగానే ఆట ఆపి పాయింటు ఇస్తారు. తలకు కాలు తగిలితే 2, ఎగిరి తలకు తన్నితే 3.

ఈ నియమాలతో పోటీలు నడిపే అంతర్జాతీయ సంఘం వాకో 1976 నుంచి ఉంది. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దానికి గుర్తింపు కూడా ఇచ్చింది. అయినా మా బంధువుల్లో దీన్ని తన్నులాట అనేవారే ఎక్కువ.

చేరేముందు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. జంటలుగా నిలబెట్టి ఆడిస్తున్నారా, గట్టిగా కొట్టినవాడిని మాస్టారు అక్కడికక్కడే ఆపుతున్నారా చూడండి. ఆపకపోతే ఫీజు కట్టకుండా వచ్చేయండి.