స్టేషన్ మెట్లెక్కే ఉద్యోగం మా అమ్మాయికెందుకు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. అమ్మాయి కాకినాడలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. కుర్రాళ్లు హింస దారి పట్టకుండా ఆపే పని చేస్తానని, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతానని పట్టుబట్టింది. మేం ఫోరెన్సిక్ గానీ, సైబర్ సెక్యూరిటీ గానీ చేయమంటున్నాం. ఫీజు, బంధువులేమంటారో కూడా చూసుకోవాలి కదా. ఏది మంచిది?

జవాబు: మీరడిగింది కోర్సు గురించి. భయం మాత్రం సంబంధాల గురించి. ఆ పనిలో పోలీసుల మధ్య తిరిగే పిల్లను ఎవరు చేసుకుంటారని. 2022 మేలో అమలాపురంలో జిల్లా పేరు గొడవకి మంత్రి ఇల్లు తగలబెట్టాక, స్టేషన్ మాటెత్తితేనే తల్లిదండ్రులు ఉలిక్కిపడుతున్నారు. తప్పు పట్టను.

ఫోరెన్సిక్ మీద నాకు అనుమానాలున్నాయండి. బ్రోచర్‌లో తెల్లకోటు, మైక్రోస్కోప్ చూసి ఫీజు కట్టేస్తున్నారు. ప్రభుత్వ ల్యాబుల్లో పోస్టులు కొద్ది, నోటిఫికేషన్లకు ఎదురుచూపులు. గుజరాత్‌లోని జాతీయ ఫోరెన్సిక్ యూనివర్సిటీలో సీటొస్తే ఆలోచించండి. మొన్న పెట్టిన కాలేజీ అయితే ముందు ల్యాబ్ తాళం తీసి చూపించమనండి. సైబర్‌లో ఉద్యోగాలున్నాయి, కాకపోతే కంప్యూటర్ అంటే ఆసక్తి ఉన్నవాళ్లకి.

పైగా ఆ రెండూ ఎక్కువగా నేరం జరిగాక పట్టుకునే పనులు. మీ చెరువులో రొయ్య పైకి తేలితే ముందు చూసేదెవరు? రాత్రి గట్టు మీద తిరిగే కుర్రాడు. తిడతారని భయపడి వాడు నోరు మూసుకుంటే తెల్లారేసరికి చెరువు పోతుంది. ఇక్కడా అంతే. కుర్రాడిలో మార్పు ముందు తెలిసేది అమ్మకి, లెక్చరర్‌కి, స్నేహితుడికి. వాళ్లు నమ్మి చెప్పుకునే మనిషి కావాలి.

ఆ నమ్మకం తేలిగ్గా రాదు. కుర్రాళ్లు దారి తప్పకుండా చూడాలని ఒక కాలేజీలో పోలీసులు, లెక్చరర్లు, కౌన్సెలర్ కలిసి పెట్టుకున్న మీటింగ్‌కి వెళ్లాను. ఎస్ఐ గారు కూర్చుంటూనే, "అనుమానం ఉన్నోళ్ల పేర్లు ఇచ్చేయండి" అన్నారు. కౌన్సెలర్ ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది. లెక్చరర్లు టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. మూడో మీటింగ్‌లో ఒక కాగితం రాసుకున్నాకే మాటలు సాగాయి: ప్రాణం మీదకొచ్చే సంగతైతే వెంటనే పోలీసుకి చెప్పాలి, మిగతాది కౌన్సెలర్ దగ్గరే ఉండాలి. ఆయన పని ఆయనదే, ఆమె పని ఆమెదే.

డెన్మార్క్‌లో బడి, సంక్షేమ శాఖ, పోలీసు 1970ల నుంచే కలిసి పనిచేస్తున్నాయి. తర్వాత ఆర్హస్ నగరం తీవ్రవాదం విషయంలోనూ ఆ అలవాటునే వాడుకుంది. బ్రిటన్‌లో 2015 చట్టం తీవ్రవాదం వైపు మొగ్గేవాళ్లను గమనించే బాధ్యతను టీచర్ల మీద, ఆస్పత్రుల మీద పెట్టాక, పిల్లల మీద నిఘా పెట్టారన్న విమర్శ గట్టిగానే వచ్చింది. మన దగ్గరా దారి ఉంది. ముంబైలో టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) వాళ్లు 1984లోనే పోలీసు వ్యవస్థలో సోషల్ వర్కర్లను కూర్చోబెట్టారు, మహిళల కేసుల కోసం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల కేసుల కోసం జిల్లాకో ప్రత్యేక పోలీసు యూనిట్, అందులో ఇద్దరు సోషల్ వర్కర్లు, వారిలో ఒకరు మహిళ ఉండాలి. అంటే అమ్మాయి స్టేషన్ మెట్లెక్కేది కేసు మీద కాదు, హోదా మీద.

మొదట్లో జీతం తక్కువే, చాలావరకు కాంట్రాక్టు. అది దాచను. ఎంఎస్‌డబ్ల్యూకి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, దూరమైనా పర్వాలేదంటే టిస్. మనసు వైద్యం వైపు మొగ్గితే తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. అమ్మాయి ఆకలితో ఉండదులెండి.

ఒక్క మాట అంటాను, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో బంధువులేమంటారో ఉంది, ఫీజు ఉంది. ఈ పని ఎందుకు అనుకుంటోందో అమ్మాయిని అడిగినట్టు ఒక్క వాక్యం లేదు. తన స్నేహితుడెవరికో ఏదో జరిగి ఉండొచ్చు. మీతో చెప్తే కేకలేస్తారని ఊరుకుని ఉండొచ్చు.

ఆదివారం ఆమెను తీసుకురండి. ఓ గంట మీరు బయట కూర్చోవాలి. తర్వాత ఏం చెప్పిందని నన్ను అడగకండి.