బండి కబుర్లు: ఒక్కదాన్నే స్పితి వెళ్లొచ్చా బాబాయి గారూ?

ప్రశ్న: బాబాయి గారూ, నాకు 29 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. మూడేళ్లుగా క్లాసిక్ 350 నడుపుతున్నాను. లక్నవరం, అరకు ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. జూన్ రెండో సగంలో 15 రోజులు సెలవు దొరుకుతోంది. హిమాచల్‌లో గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు, అక్కడే స్పితి లోయలో పిన్ వ్యాలీ నేషనల్ పార్కు రెండూ బండి మీద చుట్టి రావాలని ఉంది. తోడు లేకుండా వద్దని అమ్మ పట్టు. దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలన్నది నా భయం. ఏమంటారు?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వెళ్లు తల్లీ. కాకపోతే రెండు పార్కుల్లో ఒకటి వదులుకో.

గ్రేట్ హిమాలయన్ పార్కు లోపల బండి దారి లేదు. తీర్థన్ లోయలో గుషైనీ దాకా వెళ్లి, బండి ఆపి, పర్మిట్ చేతిలో పెట్టుకుని నడవాలి. అది జుజురాణా అనే అరుదైన అడవికోడి జాతి పిట్ట తిరిగే అడవి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చూడాల్సిందే, కానీ అక్కడ నీ బండికి పనేముంది? ఇంకో ఏడాది బస్సులో పో, మీ అమ్మనీ తీసుకెళ్లు. ఇప్పుడు రెండూ పెట్టుకుంటే నీ 15 రోజుల్లో ఖాళీ రోజు ఒక్కటీ మిగలదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఆ ఖాళీ రోజే తోడు.

నా సంగతి చెప్తా. ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్లు స్పానర్ పట్టినవాణ్ణి, నాకు తెలియని బండి జబ్బేముందన్న పొగరుతో 2019లో బయల్దేరాను. నాది కార్బురేటర్ బుల్లెట్. స్పితిలోని కాజా నుంచి మనాలీ వైపు వస్తూ కుంజుమ్ కనుమ ఎక్కుతుంటే దగ్గడం మొదలుపెట్టింది. అది 4,500 మీటర్ల పైచిలుకు ఎత్తు. గాలి పల్చన, పెట్రోలు మాత్రం ఎప్పటంత. ప్లగ్గు ఊడదీస్తే కాటుక పట్టినట్టు నల్లగా ఉంది. ఉప్పు కాగితంతో రుద్ది బిగించాను, నాలుగు కిలోమీటర్లకు మళ్లీ అదే పాట. అలా మూడుసార్లు. నీది ఇంజెక్షన్ బండి, గాలిని బట్టి పెట్రోలు తనే తగ్గించుకుంటుంది, ఆ బాధ నీకుండదు.

బండి జబ్బు నాకు తెలుసు. తెలియనిది వాగు సంగతి. కనుమ దిగితే వచ్చే బాతల్ దాటాక రోడ్డుకు అడ్డంగా వాగులు పారతాయి. పొద్దున పాదం తడిసేంత ఉన్న వాగు, ఎండకు పైనున్న మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి మోకాలు దాటుతుంది. ప్లగ్గు పనిలో పొద్దంతా పోగొట్టుకున్న నేను మూడు గంటలకు అక్కడికి చేరాను. ఆగి ఆలోచించకుండా దింపేశాను. నడిమధ్యలో ముందు చక్రం గుండ్రాయి ఎక్కి జారింది, బండి ఎడమ పక్కకు ఒరిగిపోయింది. బూట్లలోకి మంచు నీళ్లు. లేపబోతే నడుం పట్టేసింది. గంట తర్వాత లారీ వచ్చింది. డ్రైవరూ క్లీనరూ దిగి లేపారు. ‘పొద్దున రావాల్సింది చాచా’ అన్నాడు డ్రైవరు, ఇంకేం అనలేదు. వెనక్కి బాతల్ పోయి డాబాలో రజాయి కప్పుకుని పడుకున్నా. మర్నాడు ఏడింటికి అదే వాగు దాటితే చీలమండ కూడా మునగలేదు.

అందుకని ఇక్కడే, మీ వీధిలోనే నేర్చుకోవాల్సింది ఒకటుంది. క్లాసిక్ బరువు 195 కిలోలు. పాత పరుపు మీద పడుకోబెట్టి, పక్కన ఒకరిని పెట్టుకుని లేపడం సాధన చెయ్యి. ఇంజన్ ఆపి, గేరులో ఉంచు. కుడి పక్కకు పడితే ముందు సైడ్ స్టాండు తెరువు, లేకపోతే లేపిన బండి అవతలకు పడుతుంది. హ్యాండిల్ నేల వైపుకు పూర్తిగా తిప్పు. సీటుకు వీపు ఆనించి గొంతుక్కూర్చో. ఒక చేయి హ్యాండిల్ పిడి మీద, రెండోది వెనక కడ్డీ మీద. నడుం వంచకుండా, తొడల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. ఇది వచ్చేదాకా టికెట్ కొనకు. పంక్చర్ వేయడం, క్లచ్ వైరు మార్చడం ఒక ఆదివారం మీ మెకానిక్ దగ్గర కూర్చుంటే వచ్చేస్తాయి.

దారి మాత్రం సిమ్లా వైపు నుంచే. మనాలీ మీదుగా పోతే ఒక్కరోజులోనే కనుమ ఎక్కేస్తావు, తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. నార్కండా, కల్పా, నాకో, టాబో, కాజా అంటూ మెల్లగా ఎక్కు. కల్పాలో రెండు రాత్రులుండు. టాబోలో 996 నాటి మట్టి బౌద్ధారామం ఉంది, గంటన్నా కూర్చో. రికాంగ్ పియోలో ట్యాంకు నింపితే మళ్లీ బంకు కాజాలోనే, సుమారు 200 కిలోమీటర్లు. 13 లీటర్ల ట్యాంకుకు అదేం లెక్క కాదు. బండికి రెండు పక్కలా క్యాన్లు వేలాడదీసుకుని పోయేవాళ్లను చూస్తే నాకు పాలవాళ్లు గుర్తొస్తారు.

కాజా నుంచి 50 కిలోమీటర్లు పోతే ముద్ గ్రామం, పిన్ లోయలో రోడ్డు అక్కడితో సరి. 1987లో ఏర్పడిన ఆ పార్కు 675 చదరపు కిలోమీటర్లు. ముద్‌లో రెండు రాత్రులుండి నడువు. కొండమేకలు, అదే ఐబెక్స్‌లు, కనిపించవచ్చు. మంచు చిరుతను చూశానని ఇంటికొచ్చి కోతలు కోయకు, అది అంత తేలిగ్గా కనపడదు.

తిరుగుదారి కుంజుమ్ మీదుగా అనుకో. కనుమ తెరిచారో లేదో కాజాలోనే కనుక్కో. తెరవకపోతే వచ్చిన దారినే పో. తెరిచుంటే తెల్లవారగానే బయల్దేరు. వాగు పెద్దదనిపిస్తే వెనక్కి తిప్పి బాతల్‌లో పడుకో. ఒక పార్కు వదులుకుంటే మిగిలే రెండు రోజులూ దానికే. అమ్మతో ఒప్పందం: రోజూ ఎక్కడ పడుకుంటావో ముందే రాసిస్తావు, సిగ్నల్ దొరకని రోజు 24 గంటల దాకా ఆవిడ కంగారు పడకూడదు.

ప్రశ్న: సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి బండి రైల్లో పంపాలంటే?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: పార్శిల్ ఆఫీసుకు ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు పట్టుకెళ్లండి. పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. గోనెపట్టాలు చుట్టేవాళ్లు స్టేషన్ బయటే ఉంటారు. అద్దాలు మీరే విప్పి సంచిలో వేసుకోండి. నేను బద్ధకించి వదిలేస్తే ఒకటి గాజుపెంకులై దిగింది.

ప్రశ్న: నాకు 63. ఉన్నది స్ప్లెండర్. కుంజుమ్ ఎక్కుతుందా?
– ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: ఎక్కుతుంది, ఫస్టు గేరులో, మీ వెనక లారీలు హారన్లు కొడుతుండగా. ముందు గుండె, బీపీ డాక్టరుకు చూపించి రండి. మీకో లాభం కూడా ఉంది. వాగులో పడినా దాన్ని మీరొక్కరే లేపగలరు. నా బుల్లెట్‌కు ఇద్దరు కావాల్సొచ్చింది.